ఎనిమిది అడుగుల బెడ్డు

షాఫ్టు ఇంకా అరుగు మీదే ఉంది.

నిన్న సాయంత్రం కారం మిల్లు కోటేష్ తెచ్చి దభీమని పడేసి పోయినప్పటి నుంచీ దాన్ని ఎవరూ కదపలేదు. పొద్దున్నే పాల కోసం బయటికొచ్చిన అమీర్‌బీ దాన్ని దాటుకుని వెళ్ళింది, దాటుకుని వచ్చింది. అల్లుడు సలీం ట్రాలీ ఆటో తుడుచుకోవడానికి పోతూ దాని చుట్టూ తిరిగి పోయాడు. గుమ్మంలో పాము పడుకుని ఉన్నా ఎవరో ఒకరు కర్ర తెస్తారు. ఆ మూడడుగుల ఇనప కడ్డీని ముట్టుకునే ధైర్యం మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇంటి పెద్ద మాబు సాహెబ్ చేసిన షాఫ్టు తిరిగి రావడమా! చిలకలూరిపేటలో ఎవరితో అన్నా నవ్వి ఊరుకునేవాళ్ళు. నలభై ఏళ్ళుగా పేట చుట్టుపక్కల కారం మిల్లు ఆగినా, బోరు మోటారు పట్టేసినా "సాహెబు గారి లేత్ దగ్గరికి పట్టుకుపోండి" అనడమే జనానికి తెలుసు. ఇనుముని గిర్రున తిప్పి చెక్కే ఆ మిషను దగ్గరికి పోయింది బాగుపడి రావడమే గానీ, వచ్చింది మళ్ళీ పోవడం ఎరగరు.

ఇది మామూలుగా కూడా రాలేదు. కోటేష్ మిల్లులో కొత్త షాఫ్టు బేరింగులో వదులై, అందులోనే గిర్రున తిరిగి, ఎర్రగా కాలి, లోపలున్న మిరపకారాన్ని మాడ్చేసింది. మాడిన కారం పొగ ఎలా ఉంటుందో ఈ నేల మీద పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వీధి వీధంతా దగ్గుకుంటూ, ముక్కులు మూసుకుంటూ బస్టాండు దాకా పరిగెత్తింది. దగ్గు తగ్గాక అందరూ అడిగింది ఒకటే మాట. "ఎవడు చేశాడ్రా ఆ షాఫ్టు?"

కోటేష్ మాబు సాహెబ్ పేరు చెప్పాడు.

అంతే. రాత్రి మాబు సాహెబ్ కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా అన్నాడు. "నాకు కనపడటం లేదు." పక్కనే ఉన్న పచ్చడి గిన్నె గురించి అన్నాడేమో అనుకుని అమీర్‌బీ దాన్ని దగ్గరికి జరిపింది. "అది కాదు. రెండేళ్ళయింది. కళ్ళ వెనక నరం ఎండిపోతోందంట. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు చెప్పాడు. పోయిన చూపు ఇక రాదంట."

రెండేళ్ళ కిందట లేత్‌లో ఇనుము కోసే టూలు ముక్కలు కొనాలని ఒక్కడే గుంటూరు బస్సెక్కిన రోజు అమీర్‌బీకి గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన టూలు ముక్కలు తేలేదు. కొట్టు మూసి ఉందన్నాడు. తను నమ్మింది.

ఇప్పుడు పొద్దెక్కింది. వంటింట్లో కూతురు నజ్మీన్ రొట్టెల పిండి కలుపుతోంది. ఆ పిండి కలవడం ఎప్పుడో అయిపోయింది, అయినా కలుపుతోంది. సలీం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఏం తెలుసు?"

"మామకి కళ్ళు కనపడవని. రాత్రి ఆయన చెప్తుంటే అత్త ఏడ్చింది, నాకు నోట మాట రాలేదు. నువ్వొక్కదానివే తలెత్తలేదు. నాకు తెలివి లేదనుకున్నావా?"

నజ్మీన్ అబద్ధం ఆడలేదు. "రెండేళ్ళు."

"రెండేళ్ళు!" సలీం గొంతు పెద్దదయింది, వెంటనే లోపలి గది వైపు చూసి తగ్గించాడు. "నేను మేనల్లుణ్ణే గదా ఈ ఇంటికి? మొగుణ్ణే గదా నీకు? తిరిగే మిషను ముందు కళ్ళు లేని మనిషి రోజూ నిలబడుతుంటే నాకు చెప్పాలనిపించలా?"

"చెప్తే మానిపిస్తావని చెప్పలేదు, బావా."

"మానిపించకపోతే ఏం చేస్తారు!"

నజ్మీన్ పిండి ముద్దని ఇంకోసారి మడిచి నొక్కింది.

తండ్రి మొదటిసారి పిలిచిన రోజు ఆమెకి బాగా గుర్తుంది. కొలిచే వెర్నియర్‌ని చేతికిచ్చి "ఈ గీత దగ్గర ఎంతుందో చదువమ్మా, నువ్వూ నేర్చుకోవాలి గదా" అన్నాడు. నేర్పుతున్నాడనుకుని పొంగిపోయింది. మూడో రోజు ఆయన వెర్నియర్‌ని తల్లకిందులుగా పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆ రోజు నుంచీ పదకొండు గంటల టీ పట్టుకుని లేత్ షెడ్డులోకి వెళ్ళిన కూతురు మధ్యాహ్నం అన్నం వేళకి గానీ తిరిగి వచ్చేది కాదు.

సలీం పగలంతా స్ప్రేయర్లు బాగుచేస్తూ ఊళ్ళ మీద తిరుగుతాడు. అమీర్‌బీ షెడ్డు గడప తొక్కదు. కాబట్టి చదవడం కాస్తా టూలు బిగించడం అయింది, టూలు బిగించడం కాస్తా లివరు తిప్పడం అయింది. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు.

పోయిన వారం తను పొన్నూరులో పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళకపోయి ఉంటే ఈ షాఫ్టు గతి ఇలా అయ్యేది కాదు. బేరింగు మీద చెక్కిన నంబరు చదివితే షాఫ్టు ఎంత లావుండాలో తెలుస్తుంది. ఆ నంబరు చదివేవాళ్ళు లేరు. కోటేష్ నెత్తి మీద కూర్చున్నాడు. మిరప సీజను. మాబు సాహెబ్ పాత షాఫ్టుని వేళ్ళతో తడిమి, కాలిపరు పట్టి, ఆ కొలతకే కొత్తది తీశాడు. పాతది అరిగిపోయిందనే గదా కొత్తది చేయమన్నది! నలభై ఏళ్ళ పనివాడు ఆ అరుగుదలను కూడా అచ్చుగుద్దినట్టు దించేశాడు.

"సరే," అన్నాడు సలీం. "జరిగిందేదో జరిగింది. సాయంత్రం ఆ డ్రోన్ల వాళ్ళు ఫోన్ చేస్తారు. చేలల్లో మందు కొట్టే డ్రోన్లకి పేటలో సర్వీసు సెంటరు పెడతారంట. మన షెడ్డు మొత్తం కావాలన్నారు. ఇస్తామని చెప్పేస్తాను."

"మరి లేత్?"

"ఉన్నది ముసలిదైపోయిందని మామే అంటున్నాడుగా. తీసేద్దాం."

"పర్చూరు పత్తి మిల్లులో అమ్ముతున్న లేత్ చూద్దామనుకున్నాం గదా?"

సలీం ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. "ఎవరి కోసమే? మామకి చూపు లేదు. నాకు లేత్ పని రాదు. ఎనిమిదడుగుల లేత్ తెచ్చి ఎవర్ని నిలబెడదాం దాని ముందు?"

'నన్ను' అనే మాట నజ్మీన్ నోటి దాకా వచ్చింది. పేటలో ఆడవాళ్ళు మిరప తొడాలు తీస్తారు, పత్తి తీస్తారు, మిషన్ కుడతారు. లేత్ ముందు నిలబడిన ఆడమనిషిని ఆమె కూడా చూడలేదు, తనని తప్ప. ఆ మాటని మింగేసి పిండి మీద తడిగుడ్డ కప్పింది.

అప్పుడు లోపలి గదిలోంచి మాబు సాహెబ్ గొంతు వినిపించింది. "ఆ మిల్లు కాపలా యలమందయ్య పొద్దున ఫోన్ చేశాడు. రేపు తెల్లారేసరికి ఆ లేత్‌ని ఎత్తుకుపోవడానికి పాతినుము లారీ వస్తుందంట. ఇవాళ చూసొద్దాం."

"ఎందుకు మామా, కొనేది లేనప్పుడు?"

"కొనకపోయినా చూసొద్దాం. పెళ్ళిపిల్లనైనా, మిషన్నైనా చూడకుండా వద్దనకూడదురా."

బయల్దేరే ముందు అమీర్‌బీ కూతుర్ని పెరట్లోకి లాక్కుపోయింది. ఆమె కళ్ళు రాత్రి నుంచీ వాచి ఉన్నాయి.

"నాకు మాటివ్వు. మీ నాన్న చెయ్యి తిరిగే మిషను మీద పడకూడదు. ఆయనకి ఆశ. చూడగానే నిలబడతాడు. కళ్ళెటూ పోయినాయి, ఆ వేళ్ళు పదీ నాకు కావాలే."

"సరేనమ్మా."

"సరే కాదు, చేతిలో చెయ్యేసి చెప్పు."

నజ్మీన్ తల్లి చేతిలో చెయ్యి వేసింది.

పర్చూరు దారంతా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. నజ్మీన్‌ని వెనక ఎక్కించుకుని సలీం ట్రాలీ ఆటో నడుపుతుంటే, ముందు సీట్లో మాబు సాహెబ్ కూర్చున్నాడు. పత్తి లారీ ఎదురొచ్చినప్పుడల్లా ఆ చప్పుడు విని, "దీనికి వెనక చక్రం బేరింగు పోతోంది", "ఇది బాగుంది" అని తనలో తనే అనుకుంటున్నాడు.  

మిల్లు మూతపడి పదకొండేళ్ళయింది. ఒక గోడౌను ఎవరో మిరప వ్యాపారికి అద్దెకిచ్చారు కాబట్టి కరెంటు మిగిలింది. తక్కిందంతా తుమ్మ చెట్లు. గేటు దగ్గర యలమందయ్య తాళాలగుత్తితో నిలబడి ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ మిల్లులో మిషన్లకి నూనె పోసేవాడు, ఇప్పుడు కాపలా.

"రాండి సాహెబు గారూ. మీ పేరు వినడమే గానీ చూడబళ్ళేదు."

"నేనూ నిన్ను చూడలేను గదయ్యా," అన్నాడు మాబు సాహెబ్ నవ్వుతూ. ఆ మాట అంత తేలిగ్గా అనేసరికి నజ్మీన్ ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

వెనక రేకుల షెడ్డు. తలుపు తీయగానే దూలాల నుంచి పాత దూది తీగలు తీగలుగా వేలాడుతూ కనిపించింది. మాబు సాహెబ్ గాలి పీల్చాడు. "దూది. మా తాత భుజాన విల్లేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఈ మిల్లులొచ్చి ఆ విల్లుని మూల పెట్టాయి. ఇప్పుడు మిల్లే మూలపడింది."

యలమందయ్య గోనెపట్టాలు ఒక్కొక్కటే తీశాడు. నాలుగు పట్టాల కింద లేత్ ఉంది.

నజ్మీన్ అక్కడే ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది నాలుగున్నర అడుగులది. దాన్నే ఆమె పెద్ద మిషను అనుకునేది. ఇది గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉంది. కొత్త రంగు లేదు, మెరుపు లేదు. నల్లటి గ్రీజు కింద మౌనంగా కూర్చుని ఉంది. లోపలికొచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడటం ఆమె గమనించింది. తగ్గించమని ఎవరూ చెప్పలేదు.

"కిరసనాయిలు గుడ్డ ఉందా?" అడిగాడు మాబు సాహెబ్.

ఇక ఆయన పని మొదలైంది. గేదెను కొనేవాడు పళ్ళు చూస్తాడు, పొదుగు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. మాబు సాహెబ్ చూడటానికి కళ్ళు వాడలేదు, అంతే తేడా. టూలు జరిగే ఆ పొడవాటి ఇనప పట్టాలనే బెడ్డు అంటారు. లేత్‌కి ప్రాణం అక్కడే ఉంటుంది. ఆయన గ్రీజు తుడిచి, కుడి చేతి చూపుడు వేలి గోరుని బెడ్డు అంచు మీద పెట్టి, పని బిగించే చక్కు దగ్గర నుంచి మెల్లగా లాగడం మొదలుపెట్టాడు.

"ఏం చూస్తున్నారు?" అని యలమందయ్య నజ్మీన్‌ని గుసగుసగా అడిగాడు.

"చక్కు దగ్గర అరుగుతుందండీ. చిన్నచిన్న పనులన్నీ అక్కడే చేస్తారు గదా. అరిగితే అక్కడ మెట్టు పడుతుంది, గోరు తట్టుకుంటుంది. మా ఇంట్లోదానికి రూపాయి బిళ్ళ మందాన మెట్టుంది."

గోరు ఎక్కడా తట్టుకోలేదు. ఒకసారి లాగాడు. మళ్ళీ మొదటికి వచ్చి రెండోసారి లాగాడు. అప్పుడు అరచెయ్యి మొత్తం పరిచి, చంటిపిల్లకి జ్వరం చూసినట్టు బెడ్డు మీద ఆనించి ఉండిపోయాడు.

"నజ్మా, ఇటు రా. చెయ్యి పెట్టు. ఏం తెలుస్తోంది?"

ఆమె చెయ్యి పెట్టింది. చల్లటి ఇనుము. మొదట ఏమీ తెలియలేదు. వేళ్ళు కదిపితే సన్నటి గరుకు తగిలింది. వంగి చూసింది. బెడ్డు నిండా చేప పొలుసుల్లా నెలవంక గీతలు, వందలు, వేలు.

"గీతలు నాన్నా. చిన్నచిన్నవి. అంతటా ఉన్నాయి."

"చక్కు దగ్గర కూడానా?"

"చక్కు దగ్గర కూడా."

మాబు సాహెబ్ ఆ గరుకు మీద మళ్ళీ వేలు నడిపాడు. "అవి ఎవడో చేత్తో గీకినవమ్మా. మిషను తీసిన గీతలు కావు. ఇలాంటి బెడ్డు పోత పోశాక వెంటనే వాడేవాళ్ళు కాదు. ఏడాదిపాటు ఎండకీ వానకీ ఆరుబయట వదిలేసేవాళ్ళు, ఇనుములో కోపమంతా పోవాలని. పోయాక ఒక మనిషి కూర్చుని, నెలల తరబడి ఉలితో గోకి సమం చేసేవాడు. ఆ మనిషెవరో, ఏ దేశం వాడో. ఆయన చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది."

 సలీం కూడా దగ్గరికి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని, ఒక వేలితో తాకి చూశాడు.

"ఇన్నేళ్ళు వాడితే ఎందుకు అరగలేదు మామా?"

"ఇది మిల్లు లేత్ రా. పొడవాటి షాఫ్టులే తీశారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పని పడింది. అరిగినా అంతటా ఒకేలా అరిగింది."

ఆయన చెయ్యి గ్రీజు తుడుచుకుంటూ బెడ్డు రెండో చివరకి వచ్చి, హఠాత్తుగా ఆగిపోయింది. ముఖం మారింది.

"ఇక్కడేంది గుంటలు? మశూచి పోసినట్టు?"

నజ్మీన్ వంగి చూసింది. బెడ్డు కొసన, వరసగా, గుండ్రంగా తుప్పు తిన్న గుంటలు.  యలమందయ్య గొంతు సవరించుకున్నాడు.

"బొట్లండీ. ఏటా దసరాకి నేనే పెట్టేవాణ్ణి. పసుపు, కుంకం తడిపి..."

"నిమ్మకాయ?"

"కోసి రెండు చెక్కలూ అక్కడే పెట్టేవాణ్ణి. మిల్లు మూసినా మానలేదు సాహెబు గారూ. దీపం పెట్టే దిక్కు లేదని, నేనైనా పెట్టాలని."

"నిమ్మరసం ఇనుముని తినేస్తుందయ్యా. తడి పసుపు కిందే తుప్పు పుడుతుంది."

ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనే పాడు చేశానాండీ? ముప్పై ఏళ్ళు వారం వారం నూనె పోశాను. పాడు చేశానా?"

ఆ కన్నీళ్ళు చూడలేక నజ్మీన్ తండ్రి భుజం పట్టుకుంది. మాబు సాహెబ్ ఒక్కొక్క గుంటనీ వేలితో తడుముతున్నాడు. ఎంత దూరం ఉన్నాయో జానలతో కొలిచాడు.

"అటు వైపు, చక్కు దగ్గర ఎందుకు పెట్టలా నువ్వు?"

"అటు నూనె ఎక్కువ పోస్తాను గదండీ. కుంకం అంటేది కాదు."

మాబు సాహెబ్ ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకి దూలం మీద పావురాలు లేచిపోయాయి. "నీ నూనే కాపాడింది. బెడ్డు మరీ కొస ఇది, ఇక్కడిదాకా టూలు రానే రాదు. పనికి ఏ అడ్డమూ లేదు. ఏడవకు. మా షెడ్డుకి వచ్చినా దసరాకి నువ్వే వచ్చి పెట్టు. తమలపాకు వేసి దాని మీద పెట్టు, అంతే."

మా షెడ్డుకి వచ్చినా అన్నాడు. సలీం ఆ మాట విన్నాడు. అతను విన్నాడని నజ్మీన్ గమనించింది.

"ఇక తిప్పి చూద్దాం," అన్నాడు మాబు సాహెబ్.

మూలనున్న రెండున్నర అడుగుల కడ్డీని చక్కులో బిగించారు. యలమందయ్య స్విచ్చి వేశాడు. చక్కు తిరిగింది. ఇంట్లో లేత్ తిరిగితే గోడ మీద క్యాలెండరు ఊగుతుంది. ఇక్కడ కిటికీలో పెట్టిన టీ గ్లాసు కూడా వణకలేదు. మాబు సాహెబ్ స్క్రూడ్రైవరు చెక్క పిడిని చెవికి ఆనించుకుని, దాని రెండో కొసని మిషను తలకి తగిలించి లోపలి బేరింగుల చప్పుడు విన్నాడు. ఆయన ముఖంలో వచ్చిన వెలుగు చూస్తే నజ్మీన్‌కి ఏడుపొచ్చింది. అమ్మ చెప్పిన ఆశ ఇదే.

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, లివరు కోసం చెయ్యి చాచాడు. వంగాడు. భుజం మీది తువ్వాలు జారి, తిరుగుతున్న చక్కుకి జానెడు దూరంలో వేలాడింది.

"నాన్నా!"

తువ్వాలు లాగేసింది. ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది.  సలీం ఒక్క గంతులో స్విచ్చి ఆపేశాడు. చక్కు మెల్లగా ఆగింది.

"మీ అమ్మకి మాటిచ్చావు, అవునా?" అన్నాడు మాబు సాహెబ్ చిన్నగా.

"ఇచ్చాను."

"మరి తిప్పి చూసేదెట్లా?"

నజ్మీన్ తండ్రి వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. ఇంట్లో అయితే పిండి ఉంది చేతులు దాచుకోవడానికి. ఇక్కడ ఏమీ లేదు. మెడలో చున్నీ తీసి, మడతపెట్టి సలీం భుజం మీద వేసింది. జుట్టు ముడేసుకుంది. చేతులు మోచేతుల పైకి మడుచుకుంది. బిస్మిల్లా అనుకుని తనే స్విచ్చి వేసి లివరు పట్టుకుంది.

టూలు కడ్డీని తాకింది.

ఇంట్లో లేత్ మీద పని అంటే పోట్లాట. అది పక్కకి లాగుతుంది, ఈమె ఇటు లాగాలి. మధ్యలో వణుకుతుంది, ఊపిరి బిగబట్టి సర్దాలి. పనంటే అదేననుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కడ సర్దాల్సింది ఏమీ లేదు. చెయ్యి ఎటు చెప్తే ఇనుము అటు వెళ్ళింది. తుప్పు పొర కింద నుంచి వెండిలాంటి కడ్డీ బయటికొస్తుంటే, నీలి రంగు ఇనప రజను తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ పాదాల దగ్గర పడుతోంది. తను రెండేళ్ళుగా నేర్చుకున్నదాంట్లో సగం ముసలి మిషను తప్పుల్ని కప్పిపుచ్చడమేనని తెలిసి ఆమెకి ఆశ్చర్యమేసింది. ఆ తప్పులు లేకపోతే తన చెయ్యి ఇంత బాగుంటుందా! ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఇంత గొప్ప వస్తువు తన మాట వింటోందంటే భయమేసింది, సంతోషం కూడా పట్టలేనంత వేసింది.

కడ్డీ చివరిదాకా వెళ్ళి ఆపింది. వెంట తెచ్చిన సంచిలోంచి, వెంట్రుకవాసి కూడా కొలిచే మైక్రోమీటరు తీసింది.

"చక్కు దగ్గర చదువు," అన్నాడు తండ్రి.

"ముప్పై ఎనిమిది పాయింటు ఒకటి రెండు మిల్లీమీటర్లు."

"ఆ చివర?"

రెండుసార్లు చూసుకుంది. "ముప్పై ఎనిమిది పాయింటు ఒకటి ఒకటి."

మాబు సాహెబ్ కళ్ళు మూసుకున్నాడు. "రెండున్నర అడుగుల మీద వెంట్రుకలో ఏడో వంతు తేడా! నలభై ఏళ్ళలో నేనిట్లాంటి దాని ముందు నిలబడలేదమ్మా."

"ఏదీ, ఇటివ్వు," అన్నాడు సలీం. మైక్రోమీటరు తీసుకుని బిగించాడు. సరిగ్గా పట్టుకోవడం రాలేదు.

"గట్టిగా తిప్పకు బావా. వెనక బుడిపె పట్టుకుని మెల్లగా, టిక్కుమనేదాకా."

అలాగే చేశాడు. ఆ చివర చూశాడు, ఈ చివర చూశాడు. తర్వాత కడ్డీని గాక పెళ్ళాన్ని చూశాడు. చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషిని కొత్తగా చూసే చూపది. అది మెచ్చుకోలో, అలకో నజ్మీన్‌కి అంతుపట్టలేదు.

యలమందయ్య కళ్ళొత్తుకుంటూ ముందుకొచ్చాడు. "పని చేసుకునేవాళ్ళకైతే పాతినుము ధరకే ఇచ్చేయమన్నారు మా ఓనరు గారు. ఇంతకీ ఎవరికండీ మిషను?"

"నాకు కాదు," అన్నాడు మాబు సాహెబ్.

నజ్మీన్ తుళ్ళిపడింది.

"నేనిక దేని ముందూ నిలబడను. మా అల్లుడికి ఈ పని రాదు. నిలబడేవాళ్ళు ఎవరో వాళ్ళు నోరు తెరిచి అడగాలి. ఒకరి తరఫున ఒకరు అడిగేది కాదు ఇది."

ఆయన ఎవరి వైపూ తిరగలేదు. బెడ్డు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు, అంతే.

 పొద్దున మింగిన మాట నజ్మీన్‌కి మళ్ళీ నోటి దాకా వచ్చింది.

"నాకు కావాలి," అంది.

అన్నాక అది ఎంత చిన్న మాటో అనిపించింది.

 సలీం గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "నజ్మా, నువ్వు బాగా చేశావు, కాదనను. కానీ పేటలో సంగతి తెలుసు గదా? ఆడమనిషి చేసిన షాఫ్టు ఎవడు వేసుకుంటాడే?"

"వేసుకుంటున్నారురా," అన్నాడు మాబు సాహెబ్.

"ఏంది మామా?"

"రెండేళ్ళుగా వేసుకుంటూనే ఉన్నారు. మార్టూరు బోర్లకి వేసుకున్నారు, యద్దనపూడి ట్రాక్టర్లకి వేసుకున్నారు. కోటేష్ మిల్లులోనే ముందు వేసిన మూడు షాఫ్టులూ దీని చేతివి. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు." ఆయన ఒక్క క్షణం ఆగాడు. "తిరిగొచ్చింది నాది."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నజ్మీన్‌కి తెలుసు. తండ్రి చెయ్యి పట్టుకోబోయింది. అప్పుడే సలీం జేబులో ఫోన్ మోగింది.

తీసి చూశాడు. డ్రోన్ల వాళ్ళు. సాయంత్రం అన్నారు, మధ్యాహ్నమే చేశారు.

ఫోన్ మోగుతూనే ఉంది. సలీం భుజం మీద ఆమె చున్నీ అలాగే ఉంది. అతను ఫోన్ వంక చూశాడు, లేత్ వంక చూశాడు. ఆకుపచ్చ బొత్తాం నొక్కి, ఫోన్‌ని నజ్మీన్ ముందుకి చాచాడు.

"ఏం చెప్పాలో నువ్వే చెప్పు," అన్నాడు. కోపంతో అన్నాడో, ఒప్పుకుని అన్నాడో తెలియలేదు. అని, తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆమె నూనె చేత్తోనే ఫోన్ అందుకుంది.

"హలో, చిలకలూరిపేట వర్క్‌షాపేనాండీ?" అంటోంది అవతలి గొంతు, హుషారుగా. "షెడ్డు సంగతి మాట్లాడాలండీ. షాపు ఓనరు గారున్నారా?"

నజ్మీన్ చుట్టూ చూసింది. తండ్రి చెయ్యి బెడ్డు మీద కదలకుండా ఆగిపోయి ఉంది. మొగుడు గుమ్మం బయట తుమ్మ చెట్ల వైపు చూస్తున్నాడు. కాళ్ళ దగ్గర నీలి రజను ఇంకా వెచ్చగా ఉంది.

"ఉన్నారండీ," అంది. "నేనే. చెప్పండి."